కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక ఆటగాడి డిఫెన్స్‌ను అంకెలు చూసి తేల్చగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఎమ్మెస్ చదువుతున్న యూనివర్సిటీ జట్టులో ఒక గార్డ్ (బంతి నడుపుతూ బయటి వైపు ఆడే ఆటగాడు) ఉన్నాడు. ఆటకు 34 నిమిషాలు ఆడతాడు, 2.3 స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాగేసుకోవడం), డిఫెన్సివ్ రేటింగ్ 94 (ఇది ఎంత తక్కువుంటే అంత మంచిదని లెక్క). కాన్ఫరెన్స్ (తమలో తాము లీగ్ ఆడే కాలేజీల గుంపు) మొత్తంలో అతనే బెస్ట్ డిఫెండర్ అని మీరంటున్నారు. మీ రూమ్మేట్ వేరే కాలేజీ కుర్రాడి పేరు చెబుతున్నాడు. ఆ కుర్రాడికి 24 నిమిషాల్లో 1.7 స్టీల్స్, డిఫెన్సివ్ రేటింగ్ 99. వారానికి అన్ని ఆటలు కూర్చుని చూసే టైమ్ మీకు లేదు. నంబర్లు చూసి ఎవరు మెరుగో చెప్పొచ్చా అన్నది ప్రశ్న.

సూటిగా జవాబు: స్టీల్స్, డిఫెన్సివ్ రేటింగ్ ఈ రెండింటితో తేల్చలేం. అలాగని అంకెలతో అసలు తేల్చలేమని కాదు. స్టీల్స్‌ను సగటులో కాకుండా రేటులో చూడాలి. పక్కన ఫౌల్స్ పెట్టుకోవాలి. ఆ జట్టు ఏ రకం డిఫెన్స్ ఆడుతుందో తెలుసుకోవాలి. అతను బెంచ్ మీద కూర్చున్నప్పుడు జట్టు ఎలా ఉందో చూడాలి. ఇవన్నీ చేస్తే వీడియో జోలికి పోకుండానే ముప్పాతిక వంతు దాకా వెళ్ళొచ్చు. మిగతా పాతిక వంతు కళ్ళతో చూడాల్సిందే, దానికీ పెద్ద టైమ్ పట్టదు, చివర్లో చెప్తాను.

నేను తొమ్మిది సీజన్లుగా ఒక డివిజన్ వన్ (అమెరికా కాలేజీ ఆటల్లో పై అంచె) కాలేజీ మగవాళ్ళ జట్టుకు వీడియో, నంబర్ల పని చేస్తున్నాను. ఆట అయిన రాత్రే ప్రతి డిఫెన్స్ విడతనూ మళ్ళీ చూసి, ఎవరు ఏం చేశారో షీట్‌లో రాయడం నా పని. ఇక్కడ చెప్పేవన్నీ ఆ షీట్ల ముందు కూర్చుని నేర్చుకున్నవే.

ముందు స్టీల్స్ సంగతి. ఆటకు ఇన్ని అనే సగటు రెండు విషయాలను దాచేస్తుంది: ఎంతసేపు ఆడాడు, ఆ ఆట ఎంత వేగంగా సాగింది. బంతి ఒక జట్టు చేతికి వచ్చి పోయే ఒక్కో విడతను పొసెషన్ అంటారు. కొన్ని జట్లు పరిగెత్తుతూ ఆటకు 72 విడతలు ఆడతాయి, కొన్ని నెమ్మదిగా 64 దగ్గర ఆగుతాయి. మీ యూనివర్సిటీ 72 వైపు ఉండే జట్టు అనుకుందాం. కాలేజీ ఆట 40 నిమిషాలు. మీ గార్డ్ 34 నిమిషాలు ఉంటే అతను కోర్టులో ఉండగా ప్రత్యర్థికి దొరికే విడతలు దాదాపు 61. 2.3ను 61తో భాగిస్తే 3.8 శాతం. రూమ్మేట్ చెప్పిన కుర్రాడి జట్టు 64 విడతల జట్టయితే, 24 నిమిషాల్లో అతనికి దొరికేవి 38 విడతలే. 1.7ను 38తో భాగిస్తే 4.5 శాతం. అంటే తక్కువ స్టీల్స్ ఉన్నవాడే ఎక్కువ తరచుగా బంతి లాగుతున్నాడు. దీన్నే స్టీల్ రేటు అంటారు. నా అనుభవంలో 3 శాతం దాటితే మంచి చేతులున్న గార్డ్. 4 దాటితే ప్రత్యర్థి కోచ్ అతని పేరు బోర్డు మీద రాసి మరీ హెచ్చరిస్తాడు.

బ్లాక్స్‌కూ (ప్రత్యర్థి షాట్‌ను గాలిలోనే అడ్డుకోవడం) ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ భాగించాల్సింది ప్రత్యర్థి వేసిన రెండు పాయింట్ల షాట్లతో. 10 శాతం దాటిన సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) నిజంగా రిమ్‌ను, అంటే బుట్టను, కాపాడుతున్నట్టు.

ఇప్పుడు ఫౌల్స్. ఈ వాదనలో మీరు గానీ మీ రూమ్మేట్ గానీ ఫౌల్స్ మాటే ఎత్తలేదు. కాలేజీలో ఐదో ఫౌల్‌తో బయటికి వెళ్ళిపోవాలి, ఎన్‌బీఏలోలా ఆరు ఉండవు. పైగా ఒక్కో సగంలో జట్టు ఏడో ఫౌల్ చేసిందగ్గర నుంచి ప్రత్యర్థి ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడతాడు. చేయి చాచి బంతి లాగబోయి మణికట్టు మీద కొట్టేవాడి ధర జట్టంతా కడుతుంది. స్టీల్ రేటు 4 ఉండి 40 నిమిషాలకు రెండున్నర ఫౌల్స్ లోపు ఉన్నవాడు అరుదైన ఆటగాడు. అదే రేటుతో ఐదు ఫౌల్స్ చేసేవాడు జూదం ఆడుతున్నాడు. కెంటకీకి ఆంథొనీ డేవిస్ 2011-12లో ఆడినప్పుడు ఆటకు 4.7 బ్లాక్స్, మొత్తం 186. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచేది, అన్ని బ్లాక్స్ చేస్తూ ఆటకు సుమారు రెండు ఫౌల్స్‌తో సరిపెట్టడం. ఎప్పుడు ఎగరకూడదో తెలిసినవాడికే అది సాధ్యం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏ డిఫెన్స్ అంకెనైనా, అది ఏ పథకంలో పుట్టిందో తెలియకుండా చదవకూడదు. దీనికి 2019 కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ ఏడాది దేశంలో బెస్ట్ డిఫెండర్‌గా రెండు పెద్ద అవార్డులు ఇద్దరికి వెళ్ళాయి. నైస్మిత్ అవార్డు వాషింగ్టన్ ఆటగాడు మటీస్ థైబుల్‌కి. కోచ్‌ల సంఘం ఇచ్చేది వర్జీనియా ఆటగాడు డిఆండ్రే హంటర్‌కి. థైబుల్‌కి ఆ సీజన్‌లో ఆటకు 3.5 స్టీల్స్, 2.3 బ్లాక్స్. హంటర్‌కి 0.6 స్టీల్స్, 0.6 బ్లాక్స్. అంకెలు మాత్రమే చూసేవాడికి హంటర్ పేరు ఆ జాబితాలో ఎందుకుందో కూడా అర్థం కాదు.

అర్థం కావాలంటే రెండు జట్లూ ఏం ఆడాయో చూడాలి. వాషింగ్టన్ కోచ్ మైక్ హాప్కిన్స్ అంతకుముందు రెండు దశాబ్దాలపాటు సిరక్యూజ్‌లో జిమ్ బోహైమ్ దగ్గర అసిస్టెంట్. అక్కడి 2-3 జోన్‌ను (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడే డిఫెన్స్) వెంట తెచ్చుకున్నాడు. జోన్‌లో ఒక మనిషిని అంటిపెట్టుకుని తిరగనక్కర్లేదు, తన ప్రాంతం కాపాడుకుంటూ బంతి దారిని చదవొచ్చు. పొడవాటి చేతులు, ముందే పసిగట్టే బుద్ధి ఉన్నవాడికి అది పండగ. వర్జీనియాలో కోచ్ టోనీ బెనెట్ ఆడించింది ప్యాక్ లైన్. అక్కడ బంతి మీద ఒకడుంటే, మిగతా నలుగురూ రిమ్ చుట్టూ ఒక ఊహా గీత లోపలికి జరిగి దారులు మూసేస్తారు. పాస్‌కు అడ్డంగా దూకి బంతి లాగడం ఆ పథకంలో పనే కాదు. దూకి అందుకోలేకపోతే గీత తెగిపోతుంది. పైగా వర్జీనియా దేశంలోకెల్లా నెమ్మదిగా ఆడే జట్లలో ఒకటి, విడతలే తక్కువ. అక్కడ 0.6 స్టీల్స్ అంటే చెప్పిన పని చేస్తున్నాడనే అర్థం.

ఆ ఏప్రిల్ జాతీయ టోర్నమెంట్ ఫైనల్లో వర్జీనియా ఓవర్‌టైమ్‌లో 85-77తో టెక్సస్ టెక్‌ను ఓడించింది. టెక్సస్ టెక్ బెస్ట్ స్కోరర్ జారెట్ కల్వర్‌కు ఎక్కువసేపు ఎదురుగా నిలబడింది హంటరే. కల్వర్ 22 షాట్లు వేస్తే 5 పడ్డాయి. మిగతా 17 షాట్లలో హంటర్ వాటా ఎంత అన్నది బాక్స్ స్కోర్‌లో (ఆట అయ్యాక వచ్చే అంకెల పట్టిక) ఏ గడిలోనూ కనపడదు.

అయితే దీన్ని పట్టుకుని "జోన్‌లో వచ్చిన స్టీల్స్ అన్నీ గాలికి వచ్చినవే" అనేవాళ్ళు అప్పట్లో చాలామంది ఉండేవారు. నేనూ కొంతవరకు అలాగే అనుకున్నాను. అది తప్పని తేలింది. థైబుల్ ఎన్‌బీఏకి వెళ్ళి, జోన్ పెద్దగా ఆడని చోట కూడా స్టీల్స్ తీసి, 2021లోనూ 2022లోనూ ఆల్ డిఫెన్సివ్ సెకండ్ టీమ్‌కి (లీగ్‌లో మేటి డిఫెండర్లతో ఏటా ప్రకటించే రెండో జట్టు) ఎంపికయ్యాడు. జోన్ అతని అంకెలను పెంచింది నిజమే, కానీ ఆ చేతులూ ఆ చూపూ అతనివే. అందుకే నేనిప్పుడు పథకం పేరు చెప్పి అంకెను కొట్టిపారేయను, కొంచెం తగ్గించి చదువుతాను. మ్యాన్-టు-మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాచే పద్ధతి) ఆడే జట్టులో 3 శాతం స్టీల్ రేటు, జోన్ ఆడే జట్టులో పైవరసలో నిలబడేవాడి 4 శాతం నాకు దాదాపు ఒకటే.

ఇదే పొరపాటు మా జట్టుకు ఒకసారి బాగా తగిలింది. ఇప్పుడు ఆటగాళ్ళు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి కాలేజీ మారడం మామూలైపోయింది. మొదటిసారి మారేవాళ్ళు ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధనను 2021లోనే ఎత్తేశారు కూడా. అలా వచ్చే ఒక గార్డ్ గురించి రిపోర్ట్ రాసింది నేనే. స్టీల్ రేటు 4.4. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పెట్టాను. అతని పాత జట్టు కోర్టు పొడవునా ప్రెస్ వేసేది (ప్రత్యర్థిని అవతలి చివర నుంచే ఒత్తిడి పెట్టేది), అతని స్టీల్స్‌లో సగానికి పైగా ప్రత్యర్థి బంతిని సగం కోర్టు దాటించకముందే వచ్చినవి. మేం ప్రెస్ వెయ్యం. మా దగ్గరికి వచ్చాక మొదటి పది ఆటల్లో అతను పాస్ దారిలోకి దూకిన ప్రతిసారీ వెనక నలుగురు ఐదుగురిని కాయాల్సి వచ్చింది. కుర్రాడి తప్పు లేదు, నేర్పించిన ఆట అతను ఆడాడు. స్టీల్ ఎక్కడ జరిగిందో విడగొట్టి చూడకుండా అంకె రాసిన తప్పు నాది. ఆ తర్వాత ఏ రిపోర్ట్‌లోనూ స్టీల్ రేటును ఒంటరిగా రాయలేదు.

డిఫెన్సివ్ రేటింగ్ మీద మీరు బాగా ఆధారపడుతున్నారు కాబట్టి దాని లోపల ఏముందో చెప్పాలి. 94 అంటే ఆ ఆటగాడు కోర్టులో ఉండగా వంద విడతలకు ప్రత్యర్థి 94 పాయింట్లు చేశారని చాలామంది అనుకుంటారు. బాక్స్ స్కోర్ సైట్లలో కనపడే ఆ నంబరు అది కాదు. బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ తయారుచేసిన ఫార్ములా అది. అందులో ఐదింట నాలుగు వంతులు మొత్తం జట్టు డిఫెన్సే. మిగతా ఒక్క వంతులోనే ఆటగాడి సొంత స్టీల్స్, బ్లాక్స్, డిఫెన్సివ్ రీబౌండ్స్ (ప్రత్యర్థి షాట్ తప్పాక అందుకున్న బంతులు) వస్తాయి. అంటే మంచి జట్టులో ఉన్నవాళ్ళందరినీ ఒకే గాటన కట్టేస్తుంది. మీ యూనివర్సిటీ జట్టు పేజీ తెరిచి చూడండి, తొమ్మిది మందిలో ఎక్కువమంది ఆ 94కు అటూ ఇటూ ఉంటారు. రూమ్మేట్ చెప్పిన కుర్రాడికి 99 రావడానికి ప్రధాన కారణం అతని జట్టు బలహీనంగా ఉండటమే కావచ్చు. ఇంకో సంగతి, ఆ సొంత వంతులో రీబౌండ్స్ ఉన్నాయి కాబట్టి సెంటర్లు ఎప్పుడూ గార్డ్‌ల కంటే మెరుగ్గా కనపడతారు. మా జట్టులో ఒక సీజన్‌లో అందరికంటే మంచి డిఫెన్సివ్ రేటింగ్ ఉన్న కుర్రాడిని కోచ్ చివరి నాలుగు నిమిషాల్లో ఎప్పుడూ బెంచ్ మీదే కూర్చోబెట్టేవాడు. పిక్ అండ్ రోల్‌లో (ఒకడు డిఫెండర్‌కు అడ్డంగా నిలబడి, తర్వాత రిమ్ వైపు పరిగెత్తే ఎత్తు) అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు ప్రత్యర్థులు. డిఫెన్సివ్ బాక్స్ ప్లస్ మైనస్ అనే నంబరు దీనికంటే కాస్త నయం, కానీ అదీ బాక్స్ స్కోర్‌లో నుంచి అంచనా వేసిందే. బాక్స్ స్కోర్‌లో లేనిది అందులోకి ఎక్కడి నుంచి వస్తుంది?

బాక్స్ స్కోర్‌లో లేనిది ఎంత పెద్దదో ఒక్క ఆటతో చూపిస్తాను. 2024 మార్చి 30, ఎలైట్ ఎయిట్ (జాతీయ టోర్నమెంట్‌లో చివరి ఎనిమిది జట్ల దశ), యూకాన్ (కనెటికట్ యూనివర్సిటీ) మీద ఇల్లినోయ్. యూకాన్ సెంటర్ డోనవాన్ క్లింగన్ 22 నిమిషాలు ఆడాడు, 5 బ్లాక్స్. మంచి అంకే. కానీ ఆ రాత్రి అసలు అంకె వేరే ఉంది. క్లింగన్ చేయి ఎత్తి అడ్డుపడిన షాట్లు ఇల్లినోయ్ 19 వేస్తే ఒక్కటీ పడలేదు. యూకాన్ వరసగా 30 పాయింట్లు చేసింది, అంతసేపు ఇల్లినోయ్‌కి సున్నా. ఆట 77-52తో ముగిసింది. ఆ 19లో 5 మాత్రమే బ్లాక్స్ గడిలోకి ఎక్కాయి. మిగతా 14 షాట్లు అతని చేతిని దాటించడానికి ఎత్తుగా, వంకరగా వేసి పోగొట్టుకున్నవి. దాన్ని మళ్ళీ చూస్తే ఇంకోటి కనపడుతుంది. లోపలికి దూసుకొచ్చిన గార్డ్ అతన్ని చూసి ఆగిపోయి బంతి వెనక్కి పంపేసిన విడతలు. అక్కడ షాటే లేదు, కాబట్టి ఆ 19లో కూడా అవి లేవు.

ఇక్కడే కాలేజీ రూల్ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎన్‌బీఏలో డిఫెండర్ తన మనిషి దగ్గర లేకుండా పెయింట్‌లో (రిమ్ ముందు గీసిన పెట్టె) మూడు సెకన్లకు మించి నిలబడకూడదు, కాలేజీలో ఆ నిబంధన లేదు. పొడవాటి సెంటర్ రిమ్ కింద తిష్ఠ వేయొచ్చు. ఆబర్న్‌కు ఆడిన వాకర్ కెస్లర్ 2021-22లో ఆటకు 4.6 బ్లాక్స్ చేశాడంటే అతని నైపుణ్యంతో పాటు ఈ రూల్ కూడా కలిసొచ్చింది. ఇలాంటి సెంటర్ తన వెనక కాపు ఉంటే గార్డ్ ధైర్యంగా బంతి మీదికి దూకగలడు, తప్పినా వెనక గోడ ఉంది. మీ గార్డ్ వెనక ఎవరున్నారో ఒకసారి చూసుకోండి.

తర్వాత చూడాల్సింది ఆన్-ఆఫ్. అంటే అతను కోర్టులో ఉన్నప్పుడు వంద విడతలకు జట్టు ఎన్ని పాయింట్లు ఇచ్చింది, లేనప్పుడు ఎన్ని ఇచ్చింది. ఇది నిజంగా కొలిచిన అంకె, ఫార్ములా కాదు. అందుకే దీని మీద అందరికీ నమ్మకం. ఇక్కడే అందరూ బోల్తా పడతారు కూడా.

లెక్క చేసి చూద్దాం. సీజన్‌లో 32 ఆటలు, ఆటకు 68 విడతలు, అతను ఆడేది 30 నిమిషాలు. అతను లేని 10 నిమిషాల్లో ఆటకు 17 విడతలు, సీజన్ మొత్తానికి 544. ఆ సమయంలో ప్రత్యర్థులు వేసే త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఆటకు ఐదారు చొప్పున సుమారు 176. కాలేజీలో త్రీలు పడేది మూడింట ఒకటి, 34 శాతం అనుకుంటే 60 పడాలి. కానీ 176 సార్లు వేసినప్పుడు కేవలం అదృష్టం వల్లే 54 పడొచ్చు, 66 పడొచ్చు, అందులో వింతేమీ లేదు. ఆ ఆరు షాట్ల తేడా అంటే 18 పాయింట్లు. 544 విడతల మీద పంచితే ప్రతి వందకు 3.3 పాయింట్లు. అతను బెంచ్ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నప్పుడు అవతలివాళ్ళ త్రీలు పడ్డాయో లేదో అన్నదాన్ని బట్టి, అతను గొప్ప డిఫెండర్ అయిపోవచ్చు, మామూలువాడైపోవచ్చు. ఆన్-ఆఫ్‌లో 5 పాయింట్ల తేడా కనపడితే జనం పొంగిపోతారు. అందులో మూడు పాయింట్లు ఇలా గాలివాటంగా వచ్చినవే కావచ్చు.

కాలేజీ బాస్కెట్‌బాల్ రేటింగ్‌లు లెక్కగట్టే కెన్ పామరాయ్ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాట ఒకటుంది: ప్రత్యర్థి ఎన్ని త్రీలు వేస్తాడన్నది డిఫెన్స్ చేతిలో చాలావరకు ఉంటుంది, అందులో ఎన్ని పడతాయన్నది చాలా తక్కువగా ఉంటుంది. తొమ్మిదేళ్ళ షీట్ల తర్వాత నేను ఈ మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే ఆన్-ఆఫ్ చూసేటప్పుడు నేను ముందు పాయింట్లు చూడను. అతను ఉన్నప్పుడు ప్రత్యర్థి వేసిన త్రీల సంఖ్య తగ్గిందా, రిమ్ దగ్గర షాట్లు తగ్గాయా, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) పెరిగాయా, ఫ్రీ త్రోలు తగ్గాయా అని చూస్తాను. త్రీలు పడిన శాతాన్ని రెండు వైపులా ఒకటే అనుకుని లెక్క మళ్ళీ వేస్తాను. హూప్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో అదృష్టాన్ని సవరించి చూపించే ఏర్పాటు కూడా ఉంది, మీరే వెయ్యక్కర్లేదు.

హంటర్ కథలోనే దీనికి ఇంకో ముక్క ఉంది. 2018 మార్చిలో వర్జీనియా జాతీయ టోర్నమెంట్‌లో మొదటి సీడ్‌గా (తన గుంపులో పై జట్టుగా) బరిలోకి దిగి, పదహారో సీడ్, అంటే అట్టడుగు జట్టు, యూఎంబీసీ (మేరీల్యాండ్ యూనివర్సిటీ, బాల్టిమోర్ కౌంటీ) చేతిలో 74-54తో ఓడింది. మగవాళ్ళ టోర్నమెంట్‌లో అలా జరగడం అదే మొదటిసారి. మణికట్టు విరిగి హంటర్ ఆ ఆట ఆడలేదు. "హంటర్ లేకపోతే ఆ డిఫెన్స్ ఇదీ" అని అప్పుడు చాలామంది అన్నారు. కానీ యూఎంబీసీ ఆ రాత్రి 24 త్రీలు వేస్తే 12 పడ్డాయి. సగం ఆటకు 21-21, తర్వాత సగంలో ఒక్క యూఎంబీసీయే 53. హంటర్ లేకపోవడం ఎంత, ఆ కుర్రాళ్ళ చేతులు కలిసొచ్చిన రాత్రి ఎంత అన్నది ఒక్క ఆటలో ఎవరూ విడదీయలేరు. ఒక సీజన్ ఆన్-ఆఫ్‌లో కూడా ఇలాంటి రాత్రులు రెండు మూడు కలిసిపోయి ఉంటాయి.

ఇంకా, డివిజన్ వన్‌లో 360కి పైగా జట్లున్నాయి. నవంబర్, డిసెంబర్‌లలో పెద్ద కాలేజీలు చిన్న జట్లను పిలిచి 30, 40 పాయింట్లతో ఓడిస్తాయి. ఆ ఆటల్లో వచ్చిన స్టీల్స్ పుష్కలం. బార్ట్ టోర్విక్ సైట్‌లో బలమైన జట్ల మీద ఆడిన ఆటలనే విడిగా చూడొచ్చు, ఉచితమే. మీ గార్డ్ 2.3 అక్కడ 1.4 అయితే మీ వాదన బలహీనపడినట్టే.

సినర్జీలాంటి సర్వీసులు ఇచ్చే "ఈ డిఫెండర్ మీద వేసిన షాట్లు, ఒక్కో విడతకు పాయింట్లు" అనే అంకె గురించి ఒక్క మాట. కోచ్‌లు వాడేది అదే, కొన్ని వ్యాసాల్లో మీరూ చూసి ఉంటారు. చివర్లో షాట్ వేసినవాడి దగ్గర ఎవరుంటే వారి ఖాతాలో వేస్తారు. గత సీజన్‌లో నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసిన విడత ఒకటుంది. ఎడమవైపు పిక్ అండ్ రోల్. మా పాయింట్ గార్డ్ స్క్రీన్‌కు (అడ్డంగా నిలబడ్డ ప్రత్యర్థికి) తగులుకుని అక్కడే ఆగిపోయాడు, బంతి పట్టుకున్నవాడికి దారి తెరుచుకుంది. మా సెంటర్ అతన్ని ఆపడానికి పైకి వెళ్ళాడు. స్క్రీన్ పెట్టిన పొడుగాటి మనిషి తిరిగి రిమ్ వైపు పరిగెత్తాడు, వెనక ఎవరూ లేరు. కుడివైపు మూలలో నిలబడ్డ మా ఫార్వర్డ్ తన మనిషిని వదిలేసి రెండడుగులు లోపలికి వచ్చి, ఛాతీ అడ్డం పెట్టి ఆ పొడుగాటివాడిని ఆపాడు. ఆపకపోతే డంకే. బంతి కోర్టు అడ్డంగా ఎగిరి మూలకు వెళ్ళింది. మా ఫార్వర్డ్ వెనక్కి తిరిగి పరిగెత్తి చేయి ఎత్తాడు. షాట్ పడింది. డేటాలో: ఫార్వర్డ్, ఒక విడత, మూడు పాయింట్లు ఇచ్చాడు. మా కోచ్ షీట్‌లో: ఫార్వర్డ్‌కు ప్లస్, స్క్రీన్ దగ్గర ఆగిపోయిన పాయింట్ గార్డ్‌కు మైనస్. ఆ పాయింట్ గార్డ్ ఖాతాలో డేటా ఆ విడతను అసలు ఎక్కించనే లేదు.

మనకు బాగా తెలిసిన కబడ్డీలో కూడా ఇదే. కవర్ ఆటగాడు రెండడుగులు ముందుకు జరిగి రైడర్‌ను మూలకు నెడతాడు, కార్నర్ చీలమండ పట్టేస్తాడు. ట్యాకిల్ పాయింట్ కార్నర్‌ది. ఆడినవాళ్ళకు తెలుసు పని ఎవరిదో.

ఈ అంకెకు ఇంకో లోపం. ప్రత్యర్థి ఎవరి మీదికి వెళ్ళడం మానేశాడో అది చెప్పదు. మంచి డిఫెండర్ మీద షాట్లే తక్కువ పడతాయి, బలహీనుడి మీద ఎక్కువ. కాబట్టి ఒక్కో విడతకు ఎన్ని పాయింట్లు అనేదానికంటే, ఎన్ని విడతల్లో అతన్ని లక్ష్యంగా చేసుకున్నారు అన్నదే నాకు ముఖ్యం. పక్కనే, అతనికి అప్పగించింది ఎవరిని అన్నది. అవతలి జట్టు బెస్ట్ స్కోరర్ మీద నిలబడేవాడిని, మూలలో కదలకుండా ఉండే షూటర్ మీద నిలబడేవాడిని ఒకే తక్కెడలో వెయ్యకూడదు. కోచ్ ప్రతి ఆటకూ కష్టమైన మనిషిని ఎవరికి అప్పగిస్తున్నాడో చూడండి. రోజూ ప్రాక్టీస్ చూసే మనిషి ఇచ్చే తీర్పు అది. నేను దాన్ని ఏ రేటింగ్ కంటే తక్కువగా చూడను.

ఇప్పుడు ఆ మిగిలిన పాతిక వంతు. రెండు ఆటలు చాలు, ఒక్కోదాంట్లో మొదటి 20 నిమిషాలు. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి. మొదటిది, అతని చేయి బంతికి తగిలిన ప్రతిసారీ ఒక గీత, స్టీల్ కాకపోయినా సరే. పేరున్న కాలేజీ కోచ్ రిక్ పిటీనో తన జట్టుకు ఆటకు 35 ఇలాంటి తాకుళ్ళు కావాలని లక్ష్యం పెట్టేవాడు, ఎందుకంటే చేతులు చురుగ్గా ఉన్నాయో లేదో స్టీల్స్ కంటే ఇవే ముందు చెబుతాయి. రెండోది, బంతి పట్టుకున్నవాడు అతన్ని దాటేసి లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఒక గీత. మూడోది, బంతి తన వైపు లేనప్పుడు సాయానికి లోపలికి వచ్చాడా లేదా. నాలుగోది, పాస్ దారిలోకి దూకి బంతి అందక వెనక నలుగురిని వదిలేసిన సందర్భాలు. బంతిని చూడొద్దు, అతన్నే చూడండి. మొదట్లో కష్టంగా ఉంటుంది, ఐదు నిమిషాలకు అలవాటైపోతుంది.

మీ ఇద్దరిలో ఎవరు నెగ్గారో ఇప్పుడే చెప్పమంటే, ఉన్న అంకెల మీద నేను మీ రూమ్మేట్ వైపు కొంచెం మొగ్గుతాను. నేను వేసిన వేగం లెక్క సరైతే ఆ కుర్రాడి స్టీల్ రేటు ఎక్కువ, పైగా అతని 99లో జట్టు బరువు చాలా ఉంది. కానీ 24 నిమిషాలే ఎందుకు ఆడుతున్నాడో తెలియాలి. ఫౌల్స్ వల్ల బెంచ్ ఎక్కుతున్నాడంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. మీ గార్డ్ 40 నిమిషాలకు ఎన్ని ఫౌల్స్ చేస్తున్నాడు, బలమైన జట్ల మీద అతని స్టీల్ రేటు ఎంత, మీ జట్టు జోన్ ఆడుతుందా మ్యాన్-టు-మ్యాన్ ఆడుతుందా, ఈ మూడూ చూసి చెప్పండి. శనివారం ఆటలో ఆ నాలుగు గడుల కాగితం మీ గార్డ్‌కు మీరు నింపి ఫోటో పెట్టండి. రూమ్మేట్ చెప్పిన కుర్రాడి కాగితం నేను నింపి ఇక్కడే కింద పెడతాను.